చీనా బౌద్ధాలయమున శ్రీహరి లీలాస్తంభములు

స్తంభమునందు శ్రీహరి కలడా యని హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని ప్రశ్నించిన కథ తెలుగునాట పసిబిడ్డలకును తెలియును. ఆ ప్రశ్నకు దొరకిన సమాధానమును తన యొడలిపై చెక్కించుకొనిన యొక రాతిస్తంభము మన దేశమునకు ఎంతో దూరమున, చీనాదేశపు ఆగ్నేయ సముద్రతీరమున, ఒక బౌద్ధాలయపు వెనుక వసారాలో నేటికిని నిలిచియున్నది. దానికి జంటగా మరియొక స్తంభము కలదు. ఆ రెండింటిపై నరసింహుడున్నాడు, బాలకృష్ణుడున్నాడు, గజేంద్రుని కాచిన చక్రధరుడున్నాడు. ఆ యాలయమునకు నిత్యము అనేకులు వచ్చి బుద్ధునకు ధూపము సమర్పించి వెళ్లుచుందురు. స్తంభములపై నున్న స్వామి యెవరో, ఆయన చేయుచున్న పని యేమో వారిలో పెక్కురకు తెలియదు.

ఆ యాలయము పేరు కైయువాన్. అది వెలసిన నగరము ఫుజియన్ రాష్ట్రమునందలి చ్వాన్‌జౌ. అరబ్బు నావికులు ఈ నగరమును జైతూన్ అని పిలిచిరి. సోంగు, యువాన్ రాజవంశములు ఏలిన కాలమున, అనగా 10వ శతాబ్దము మొదలు 14వ శతాబ్దము వరకు, ప్రపంచమునందలి మహారేవులలో ఇది యొకటి. వెనిస్ నగరపు వర్తకుడు మార్కోపోలో 13వ శతాబ్దపు చివర స్వదేశమునకు మరలునపుడు ఇచ్చటినుండియే ఓడ యెక్కెను. అరబ్బులు, పారసీకులు, క్రైస్తవులు, మణిమతస్థులు, మన దక్షిణాది వర్తకులు ఇచ్చట తమ తమ వాడలను కట్టుకొని, తమ తమ దేవుళ్లను కొలుచుకొనిరి. ఈ నగరమునందలి 22 ప్రాచీన స్థలములను యునెస్కో సంస్థ 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. కైయువాన్ ఆలయము ఆ పట్టికయందు చేరియున్నది.

మన క్షేత్రములకు వలెనే ఈ యాలయమునకును ఒక స్థలపురాణము కలదు. పూర్వము ఆ భూమి హువాంగ్ షౌగుంగ్ అను ధనికుని పట్టుపురుగుల పెంపకమునకైన మల్బరీ తోట. ఒకనాడు ఆతనికి స్వప్నమున ఒక భిక్షువు కనిపించి విహారము కట్టుటకు ఆ తోటను దానమడిగెను. ధనికునకు ఈయవలెనని లేదు, కాదనుటకు నోరు రాలేదు. "ఈ మల్బరీ చెట్లు తెల్లని తామరలు పూచినచో ఇచ్చెదను" అని తప్పించుకొనెను. కొలది దినములకే తోటలోని చెట్లన్నియు తామరలు పూచెనట! ధనికుడు మారుమాటాడక తోటనంతయు ధారపోసెను. ఇది క్రీ.శ. 686 నాటి మాటగా చెప్పుదురు. ఆలయమునకు మొదట పద్మముల పేరే పెట్టిరి. నేటికిని ప్రాంగణమున ఒక ముదుసలి మల్బరీ వృక్షమును భక్తులకు చూపుదురు. పిడుగుపాటున అది మూడుగా చీలినను చిగిర్చుట మానలేదు. దానము చేయ మనసొప్పని వానిచేతనే దానము చేయించిన కథలు మనకు క్రొత్తవి కావు. బలి చక్రవర్తి కథకు ఇది తలక్రిందులుగా నున్నది. అచ్చట దాత సిద్ధముగా నుండగా గురువు అడ్డుపడెను. ఇచ్చట దాత వెనుకాడగా చెట్లే ముందుకు వచ్చినవి.

738లో తాంగు వంశపు చక్రవర్తి షువాన్‌జుంగ్ ప్రతి మండలమునందును తన పాలనాశకమైన కైయువాన్ పేరిట ఒక విహారముండవలెనని ఆజ్ఞాపించెను. నాటినుండి ఈ యాలయమునకు ఆ పేరు స్థిరపడినది. కాలక్రమమున దాని చుట్టును చిన్న విహారములు అనేకము వెలసెను. 1285లో అట్టివి నూటికి పైగా నున్నవానిని ఒకటిగా చేర్చి మహావిహారముగా రూపొందించిరి. 1357లో జరిగిన విధ్వంసమున అది పాడుపడినది. మింగు వంశము వచ్చిన పిమ్మట 14వ శతాబ్దపు చివర మరల కట్టిరి. నేడు కనిపించు ముఖ్యమందిరము 1637 నాటి జీర్ణోద్ధరణ ఫలము. ఆ పనికి పోషకుడుగా నిలిచినవారిలో జెంగ్ జిలుంగ్ అనువాడు ప్రధానుడు. ఓడదొంగగా పేరుపడి, పిమ్మట రాజోద్యోగియై, సముద్రవాణిజ్యమున అపారధనమార్జించిన వాడతడు. అట్టివాని ధనమును దేవుడు కాదనలేదు.

ముఖ్యమందిరమునకు మహావీర మందిరమని అర్థమిచ్చు పేరు కలదు. ఇచ్చట మహావీరుడనగా జైన తీర్థంకరుడు కాడు. మారుని జయించిన బుద్ధునికే అది బిరుదు. జనులు దీనిని శతస్తంభ మందిరమని కూడ పిలుతురు. లెక్కించినచో స్తంభములు 86 మాత్రమే. బింబములకు చోటు కావలసి కొన్నింటిని విడిచిరని చెప్పుదురు. హనుమకొండలోని వేయిస్తంభాల గుడికి పోయి స్తంభములను ఎంచి చూచువారు మనలో మాత్రము ఎందరు?

మందిరమున అయిదుగురు బుద్ధులు వరుసగా ఆసీనులై యున్నారు. నడుమ వైరోచనుడు, తూర్పుదిక్కునకు అక్షోభ్యుడు, దక్షిణమునకు రత్నసంభవుడు, పడమటికి అమితాభుడు, ఉత్తరమునకు అమోఘసిద్ధి. వారి పార్శ్వములయందు శిష్యులైన ఆనందుడు, కాశ్యపుడు, బోధిసత్త్వులైన మంజుశ్రీ, సమంతభద్రుడు నిలిచియున్నారు. వీరితో కూడ ధర్మరక్షకులుగా బ్రహ్మయు ఇంద్రుడును కలరు. చీనా శిల్పి వారికి తన దేశపు రాజుల ఉడుపులు తొడిగినాడు గాని, పేర్లు మాత్రము మన పురాణములనుండి వెళ్లినవే. సృష్టికర్తయు, దేవరాజును బుద్ధుని ముంగిట ద్వారము కాచువారైనారని చూచి నొచ్చుకొనువారుండవచ్చును. మన ఆలయములలో ఆ దేవతలే శ్రీహరికి పరివారమై, ఆవరణలలో, దిక్కుల మూలలలో నిలిచియుండుటను తలచినచో ఆ నొప్పి తీరును. ప్రతి సంప్రదాయమును తన మూలమూర్తి చుట్టును పాతదేవతలను కొలువు తీర్చుకొనును. బుద్ధుల వెనుక, ఉత్తరాభిముఖముగా, అవలోకితేశ్వరుడు కొలువై యున్నాడు. చీనాలో ఆయన క్వాన్‌యిన్ అను పేరుతో స్త్రీమూర్తియై, ఆర్తుల మొరలు ఆలకించు తల్లిగా పూజలందుకొనుచున్నది. ఈ తల్లి పేరు చివర మరల వచ్చును.

తల యెత్తి చూచినచో స్తంభాగ్రములయందు 24 మంది పక్షిదేహులైన అప్సరసలు రెక్కలు విప్పి దూలములను మోయుచున్నారు. వీరిలో కొందరు వాద్యములను, కొందరు నైవేద్యములను పట్టినారు. బౌద్ధులు వీరిని కలవింకములందురు. మన నిఘంటువులలో కలవింకమనగా పిచ్చుక. బౌద్ధగ్రంథములలో అది మధురస్వరముతో పాడు స్వర్గపక్షి. ఊరపిచ్చుకకు అంతటి భాగ్యము పట్టుట సంతోషింపదగినదే.

మందిరమునకు ముందు రెండు ప్రక్కల రెండు శిలాగోపురములు ఆకాశమునంటుచున్నట్లు కనబడును. పడమటిది 1228 నుండి 1237 వరకు, తూర్పుది 1238 నుండి 1250 వరకు రాతితో కట్టబడినవి. అంతకుముందు ఆ స్థానముల దారుగోపురములుండెడివి. తూర్పుదాని యెత్తు 48 మీటర్లకు పైబడును, పడమటిది 44 మీటర్లు. కొయ్యపనివాడు కొయ్యను కూర్చినట్లు రాతిని కూర్చి అయిదేసి అంతస్తులు నిలిపిరి. 1604లో వచ్చిన మహాభూకంపమునకును అవి చలింపలేదు. ఒక్కొక్క గోపురముపై 80 నిలువెత్తు విగ్రహములు చెక్కబడియున్నవి.

వానిలో ఒక విగ్రహము ముందు మన దేశపు యాత్రికుడు తప్పక నిలిచిపోవును. పడమటి గోపురముపై వానరముఖముతో, చేత ఖడ్గముతో నిలిచిన వీరుడొకడు కలడు. హుయాన్‌త్సాంగు అను భిక్షువు ధర్మగ్రంథముల కొరకు భారతదేశమునకు వచ్చినపుడు ఒక కోతి తోడుగా వచ్చెనని చీనాలో ఒక కథ ప్రచారమున నుండెడిది. తరువాత 1592లో అచ్చయిన ఒక మహాకథాగ్రంథమునకు అదియే మూలము. ఈ వానరవీరుడు మన హనుమంతుని ఛాయయే యని కొందరు పండితులు, చీనా జానపదములనుండి స్వతంత్రముగా పుట్టినవాడని మరికొందరు వాదించిరి. సముద్రము దాటిన కోతి యనగానే మనకు ఒక్కడే స్ఫురించుట సహజమైనను, ఆ స్ఫురణను చరిత్రగా పరిగణించుట తగదు. ఆ భిక్షువు మాత్రము చరిత్ర పురుషుడు. 7వ శతాబ్దమున ఆతడు ఆంధ్రదేశమునకు వచ్చి వేంగినగరమును, ధాన్యకటకమును దర్శించి, తాను చూచినదానిని వ్రాసికొనిపోయెను. కావున ఈ ఆలయమునకును కృష్ణాతీరమునకును నడుమనున్న త్రోవ ఊహాకల్పితము కాదు.

ఇక మందిరము వెనుకకు పోవలెను. అచ్చటి వసారా నడుమ రెండు స్తంభములు తక్కినవానివలె గాక పచ్చని ఛాయ గల రాతితో మెరయుచుండును. నిలువునా పదునారు పలకలు. నడుమ నడుమ చతురస్రపు దిమ్మెలు. ఆ దిమ్మెల ముఖములయందు గుండ్రని పతకములు, ఆ పతకములయందు శిల్పములు. రెండు స్తంభములకును కలిపి 24 పతకములు. దక్షిణాది ఆలయపు ముఖమండపమున నిలువవలసిన కంబము దారితప్పి ఇచ్చటికి వచ్చి, చీనా పెంకుటింటి బరువును తలకెత్తుకొన్నట్లున్నది.

ఒక పతకమున నరసింహస్వామి హిరణ్యకశిపుని ఒడిలో అడ్డముగా పరుండబెట్టుకొని వక్షమును చీల్చుచున్నాడు. మరియొకదాన ఉలూఖలబంధనము. యశోదమ్మ రోటికి కట్టివేసిన బాలకృష్ణుడు రెండు మద్దిచెట్ల నడుమనుండి రోటిని ఈడ్చుచున్నాడు. నలకూబర మణిగ్రీవులు శాపవిముక్తులగు ఘట్టమది. ఇంకొకచోట గోపికల వలువలు హరించి చెట్టెక్కిన స్వామి, వేరొకచోట కాళీయమర్దనము, మరియొకచోట గజేంద్రమోక్షము. కొన్ని పతకములలో మాత్రము చీనావారి కిష్టమైన పక్షులును, సింహములును, పూవులును ఉన్నవి. ఆ రెండు దేశముల మనసులును ఒకే కంబముపై ప్రక్కప్రక్కన కూర్చున్నవి.

శిల్పములను పరికించినచో మరియొక విశేషము గోచరించును. రాయి ఆ ప్రాంతమునదే. చెక్కిన చేతులును ఆ ప్రాంతపు శిల్పులవే యని పండితుల యభిప్రాయము. ముఖములయందు, మేఘములయందు, ఆకులయందు చీనా పోకడ తెలియుచున్నది. కాని నరసింహుడు రాక్షసుని ఎట్లు పట్టవలెనో, రోలు ఏ రెండు చెట్ల నడుమ తగులుకొనవలెనో తెలిసినవాడొకడు ప్రక్కన నిలిచి చెప్పియుండవలెను. భాగవతము ఎన్నడును వినని శిల్పికి, ఉలి ఎన్నడును పట్టని వర్తకుడు కథ చెప్పి చెక్కించిన స్తంభములివి. పోతన మహాకవి తెలుగున గజేంద్రమోక్షమును రచించుటకు రమారమి రెండువందల యేండ్లకు పూర్వమే ఆ గజేంద్రుడు చీనా రాతిపై మొర పెట్టుచున్నాడు.

చెప్పి చేయించినవారెవరు? ఈ ప్రశ్నకు నగరమున దొరకిన ఒక శిలాశాసనము చాలవరకు సమాధానమిచ్చుచున్నది. ఆ శాసనము తమిళమున నున్నది, చివర ఒక పంక్తి చీనాలిపిలో నున్నది. శక వర్షము 1203 చిత్తిరై మాసమున, అనగా క్రీ.శ. 1281లో, సంబంధ పెరుమాళ్ అను నాతడు ఖాను యొక్క శరీరారోగ్యము కొరకు తిరుక్కదలీశ్వరుని ప్రతిష్ఠించెనని దాని తాత్పర్యము. ఆ ఖాను నాడు చీనాను ఏలుచుండిన కుబ్లాయిఖానే యని పలువురు పండితులు తలచుచున్నారు. ప్రభువు అనుమతిపత్రముతోనే ఈ ప్రతిష్ఠ జరిగినది. మంగోలు ప్రభువు ఆరోగ్యమునకై చీనా గడ్డపై తమిళ వర్తకుడు శివుని ప్రతిష్ఠించుట! పేరునుబట్టి అది శైవాలయము. అయినను ఆ రేవులో దొరకిన శిల్పములలో శివలీలలును విష్ణులీలలును రెండును కలవు. ఏనుగు శివలింగమును పూజించుచున్న ఫలకమొకటి అచ్చట దొరకినది. దానిని చూచిన తెలుగువారికి శ్రీకాళహస్తియు, తమిళులకు జంబుకేశ్వరమును మనసున మెదలును. సముద్రముపై నెలల తరబడి గడపు వర్తకునకు ఒడ్డున అడుగిడినపుడు హరిహరుల తగవుకంటె తన ఊరి దేవుని ముఖము చూచుటయే ముఖ్యమై యుండును.

ఈ రాకపోకలు ఒక్కనాటివి కావు. చోళరాజులు 1015, 1033, 1077 సంవత్సరములలో చీనా చక్రవర్తి కొలువునకు రాయబారులను పంపిరి. 1077లో 72 మందితో కూడిన రాయబారము వెళ్లినపుడు చోళసింహాసనమున నున్నవాడు మొదటి కులోత్తుంగుడు. ఆతడు రాజమహేంద్రవరమేలిన రాజరాజనరేంద్రుని కుమారుడు. నన్నయభట్టారకుని పోషించిన ప్రభువు కొడుకు పంపిన ఓడలు చీనా రేవులను చేరెనని తలచుకొనుట తెలుగువారికి ముచ్చటగా నుండును. ఆ పిమ్మట 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, పెనుగాలికి కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజు హరించు పాతవాడుకను మాన్పించెను. మార్కోపోలో వర్ణించిన ముత్‌ఫిలి ఈ మోటుపల్లియే. నెల్లూరు మండలపు తీరమున కొత్తపట్నము వద్ద చీనా పింగాణి పెంకులు విరివిగా దొరకినవి. ఆ పెంకులు వచ్చిన త్రోవనే మన దేవతలు వెళ్లిరి. కాని చ్వాన్‌జౌలో ఆలయమును కట్టినవారు తమిళ వర్తకులని శాసనము స్పష్టముగా తెలుపుచుండగా, దానిని తెలుగువారి ఖాతాలో వ్రాసికొనుట న్యాయము కాదు.

ఆ యాలయము ఎట్లు నశించినది? 1357 మొదలు 1366 వరకు ఆ నగరమున పారసీక సైనికుల తిరుగుబాటు చెలరేగి పదియేండ్లు రక్తపాతము జరిగెను. 1368లో మంగోలు పాలన అంతరించి మింగు వంశము వచ్చినది. కొలదికాలమునకే స్వేచ్ఛగా సముద్రవాణిజ్యము చేయుటను నిషేధించిరి. వర్తకులు కొందరు చనిపోయిరి, కొందరు వెడలిపోయిరి, మిగిలినవారు స్థానికులలో కలిసిపోయిరి. అర్చకుడు లేని గుడి, నైవేద్యము లేని దేవుడు! నిరాదరణకు గురియైన ఆలయమునకు ఏమి గతి పట్టునో చూచుటకు చీనాకు పోనక్కరలేదు. రాళ్లు ఒక్కొక్కటిగా ఊడి నగరపు ప్రాకారములలో, వంతెనలలో, ఇండ్ల పునాదులలో చేరెను. 20వ శతాబ్దమున ఆ ప్రాకారములను పడగొట్టినపుడు అవి మరల వెలుగు చూచినవి. ఇట్లు దొరకిన హైందవ శిల్పఖండములు సుమారు 300. వూ వెన్‌లియాంగ్ అను స్థానిక పండితుడు యావజ్జీవము వానిని వెదకి, భద్రపరచి, 1957లో గ్రంథముగా ప్రకటించెను. భారతదేశమును ఎరుగని యొక బడిపంతులు చేసిన యీ సేవ మరువరానిది.

కైయువాన్ ఆలయమున మింగు కాలపు మరమ్మతులు జరిగినపుడు పనివారు ఈ రెండు స్తంభములను తెచ్చి వెనుక వసారాలో నిలిపిరి. ముఖమండపపు వేదికకు క్రిందిభాగమున సింహదేహమును మానవముఖమును గల మూర్తులు చెక్కిన ఫలకములు డెబ్బదికి పైగా కలవు. అవియు అట్లు వచ్చినవే. ఇది దేవాలయ ధ్వంసమా, దేవాలయ రక్షణమా? రెండు విధములుగను చెప్పువారు కలరు. గుడిని పడగొట్టినవారు ఈ భిక్షువులు కారు. పడిపోయిన గుడి రాళ్లను పారవేయక, చెక్కడములను చెరిపివేయక, తమ ఆరాధ్యదైవము ఉండు మందిరమునకు ఆధారముగా నిలుపుకొనిరి. చెరిపివేయుటకు ఉలి దెబ్బలు నాలుగు చాలును గదా. ఆ నాలుగు దెబ్బలు ఎవరును కొట్టలేదు. మన దేశముననే ఒక గుడి స్తంభములు మరియొక గుడిలో, సత్రములో, చెరువుకట్టలో కనబడుచుండగా ఈ భిక్షువులను తప్పుపట్టుట సబబు కాదు.

అయినను ఒక వెలితి కలదు. స్తంభముపై చెక్కిన లీలకు అర్చనలేదు. మన ఆలయములలోను లేదు. గర్భగృహమునందలి మూలబేరమునకు ప్రాణప్రతిష్ఠ, నిత్యారాధన, నైవేద్యము కావలెను. స్తంభశిల్పమునకు అవి అక్కరలేదు. దానికి కావలసినది ప్రదక్షిణము చేయుచు మనుమని చేయి పట్టుకొని "అదిగో చూడు, రోలు లాగుచున్నాడు" అని చెప్పు ముసలమ్మ. ఆమె లేనిచో ఆ శిల్పము మూగవోవును. చ్వాన్‌జౌ స్తంభములు 600 ఏండ్లకు పైగా అట్లే మూగవోయి యున్నవి. 1933లో ఆనంద కుమారస్వామి వానిపై వ్యాసము వ్రాసి కథలను గుర్తించెను. సింహళమున తమిళ తండ్రికి జన్మించి, అమెరికాలోని బోస్టన్ నగరపు కళాశాలయందు భారతీయ శిల్పములను సంరక్షించుచుండిన పండితుడాయన. చీనాలోని స్తంభముపై నున్న కృష్ణుని లీలను అమెరికాలో కూర్చుండి చదివి లోకమునకు చెప్పినవాడు ఆయన.

స్తంభములకంటె బాధ కలిగించునది మరియొకటి. అదే నగరమునందలి నౌకాచరిత్ర వస్తుప్రదర్శనశాలయందు శ్రీమహావిష్ణువు యొక్క నిలుచున్న శిలామూర్తి కలదు. 1934లో అది నగరమున దొరకినది. చతుర్భుజుడు. పైచేతుల శంఖచక్రములు, క్రింది కుడిచేయి అభయమిచ్చుచున్నది, ఎడమచేయి గదపై నానియున్నది. ఆ ముద్ర, ఆ నిలుపు దేనిని జూచినను సందేహమునకు తావులేదు. ఇది అలంకారమునకై చెక్కిన శిల్పము కాదు, పూజలందుటకు చేసిన మూర్తి. ఎవరో అభిషేకించిరి, ఎవరో తులసిమాల వేసిరి, ఓడ బయలుదేరునపుడు ఎవరో ఎదుట నిలిచి చేతులు జోడించిరి. భిన్నమైన బింబమును ఆరాధింపరాదనియు, దానిని విధిపూర్వకముగా జలమున విడువవలెననియు ఆగమములు చెప్పుచున్నవి. ఈ స్వామికి ఆ విధియు జరుగలేదు, ఆరాధనయు లేదు. చూచువారు వచ్చుచున్నారు, చూచి పోవుచున్నారు. మన యాత్రికుడు వెళ్లినపుడు చేతులు జోడింపవచ్చునా యను ప్రశ్నకు ఆగమపండితులు ఏమి చెప్పినను, ఆ యెదుట నిలిచినవాని చేతులు వానంతట అవియే కలిసికొనును.

ఇందుకు భిన్నమైన కథ నగరమునకు చేరువలోనే యున్నది. చేదియన్ అను గ్రామమున ఒక చిన్న గుడిలో నాలుగు చేతుల దేవీమూర్తి కలదు. ఇరుప్రక్కల పరిచారకులు, పాదముల క్రింద ఓడిన యసురుడు. ఇది మన దక్షిణాది శిల్పసంప్రదాయమునకు చెందినదని పండితులు చెప్పగా, 2013లో మన దేశపు పత్రికలలో ఆ వార్త వచ్చినది. గ్రామస్థులకు కాళికయనినను దుర్గయనినను తెలియదు. వర్తకులు వెడలిపోయిన పిమ్మట ఆ తల్లి ఒంటరిగా మిగిలిపోయినను వారు ఆమెను విడువలేదు. తమకు తెలిసిన దయామయి పేరుతోనే ఆమెను పిలుచుకొనిరి.

ఇది సరియైన యారాధనయా? అన్యదేవతలను శ్రద్ధతో కొలుచువారు నన్నే కొలుచుచున్నారని గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు చెప్పెను. ఆ కొలువు విధిపూర్వకము కాదని కూడ ఆ శ్లోకముననే చేర్చెను. పెద్దలు ఈ రెండు భాగములలో మొదటిదానిని ఉపన్యాసములలో తరచుగా పలుకుదురు, రెండవదానిని అంతగా తలపరు. చేదియన్ గ్రామపు గుడి ముందు నిలిచినవానికి రెండును ఒక్కసారిగా గుర్తునకు వచ్చును. శాస్త్రవిధి అచ్చట లేదు, మంత్రము లేదు, దేవి పేరుకూడ లేదు. ఉన్నది శ్రద్ధ యొక్కటే. విధి యంతయు తెలిసిన మనవారు విడిచివచ్చిన మూర్తిని, ఏ విధియు తెలియనివారు కాచుకొనుచున్నారు.

కైయువాన్ ఆలయమున చీనా చాంద్రమానము ప్రకారము ప్రతినెల 26వ దినమున భక్తులు పెద్దయెత్తున చేరి ధూపములు వెలిగించి, ప్రార్థనలు చేయుచుందురు. నగరపు వస్తుప్రదర్శనశాలలో చతుర్భుజుడు అభయహస్తముతో నిలిచియుండును. చేదియన్‌లో ఉదయమున ఊరివారు వచ్చి అగరువత్తులు వెలిగించి, అసురుని పాదముల క్రింద నుంచుకొనిన తల్లికి మ్రొక్కి పనులకు పోవుదురు. ఆమెను వారు పిలుచు పేరు క్వాన్‌యిన్.